దీపం ఆరితే సరా?

డాష్‌బోర్డు మీద నూనెడబ్బా బొమ్మతో ఎర్రదీపం వెలిగిన కారు షెడ్డుకు చేరితే సాధారణంగా సెన్సర్ మారుస్తారు. లేదా 5డబ్ల్యూ-30 తీసేసి 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ పోస్తారు. అదీ కుదరకపోతే ఇంజన్ దింపాల్సిందే అంటారు. వీటన్నిటికంటే ముందు ప్రెజర్ గేజి బిగించి కొలవాలి. ఆ కొలత లేని రిపేరుకు డబ్బు కట్టనక్కర్లేదన్నది నా వాదన.

ఆ దీపం చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఎంత ఒత్తిడితో తిరుగుతోందని. చాలా కార్లలో ప్రెజర్ 0.3-0.5 బార్‌కు పడిపోతే గానీ అది వెలగదు, అప్పటికే ఆలస్యం. ఒత్తిడి పడిపోవడానికి దారులు బోలెడు: చాంబర్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ తగ్గొచ్చు, పంపు ఆయిల్ పీల్చుకునే జాలీకి మడ్డి పట్టొచ్చు, పంపు అరగొచ్చు, రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కోవచ్చు, క్రాంక్ బేరింగులు వదులవొచ్చు, పెట్రోలు కలిసి ఆయిల్ పలచబడొచ్చు. అన్నిటికీ దీపం ఒక్కటే. అందుకే ముందు డిప్‌స్టిక్ తీసి మట్టం చూడాలి, వాసన చూడాలి. ఆయిల్ పాలలా తెల్లబడితే కూలెంట్ కలిసిందేమో అనుమానించాలి. తర్వాత సెన్సర్ (ప్రెజర్ స్విచ్) విప్పిన రంధ్రంలోనే గేజి బిగించాలి. ముల్లు సరిగ్గా ఉండి దీపం వెలుగుతుంటే తప్పు స్విచ్‌దో వైరుదో. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిల్‌లో పడిపోతే చూపు బేరింగుల మీదికో, పలచబడ్డ ఆయిల్ మీదికో పోవాలి. మొదటినుంచీ తక్కువే ఉంటే పంపు, జాలీ చూడాలి. జాలీ చూడటానికి ఇంజన్ దింపే పని లేదు, చాలా బళ్లలో చాంబర్ విప్పితే చాలు.

‘చిక్కటి ఆయిల్ పోస్తే దీపం ఆరిందిగా’ అంటారు. ఆరుతుంది, నిజమే. ప్రవాహానికి అడ్డు పెరిగితే ముల్లూ లేస్తుంది. కానీ బేరింగుకు కావలసింది ఆయిల్ చేరడం. అరిగిన పాత ఇంజన్‌కు అది కొన్నాళ్ల ఊరటేనని ఒప్పుకుంటాను. జాలీ పూడుకున్నచోట మాత్రం అది చేటు: పలచటి నూనెనే పీల్చలేని పంపు చిక్కటిదాన్ని ఏం పీలుస్తుంది? పంపే తిరగని సందర్భాలూ ఉంటాయి: 2023 డిసెంబరులో ఫోర్డ్ అమెరికాలో సుమారు 1,40,000 ఎకోస్పోర్ట్, ఫోకస్ కార్లను రీకాల్ చేసింది. 1.0 లీటరు ఇంజన్‌లో ఆయిల్ పంపును తిప్పే బెల్టు టెన్షనర్ విరగడమో, బెల్టు పళ్లు ఊడటమో జరిగి ప్రెజర్ పోవచ్చన్నది కారణం. అక్కడ అమ్మిన ఎకోస్పోర్ట్‌లు మన పొరుగున చెన్నైలో తయారైనవే. తిరగని పంపును ఏ గ్రేడు ఆయిల్ తిప్పుతుంది?

సెన్సర్ చౌకే, మార్చి చూస్తే పోయేదేముందన్నది మరో మాట. పోయేది, మార్చాక ‘నడిపి చూద్దాం’ అనుకునే ఆ పది కిలోమీటర్లలో. ప్రెజర్ నిజంగానే లేకుంటే బేరింగులు పట్టేయడానికి కొన్ని నిమిషాలు చాలు. గేజి పెట్టే తీరిక లేదు, కస్టమర్ ఆగడని షెడ్డువాళ్లు అంటారు గానీ, అక్కర్లేని ఇంజన్ పనికి అదే కస్టమర్ వారాలు ఆగుతున్నాడు. బిల్లు మీద ఫిల్టర్ ధర రాసినట్టే వేడి మీద ఐడిల్‌లో ఎంత, 2000 ఆర్పీఎం దగ్గర ఎంత, కంపెనీ మాన్యువల్ చెప్పిందెంత అని రాయించుకోవాలి. దీపం వెలిగాక కూడా బండి ఆపకుండా షెడ్డుదాకా నడుపుకొచ్చినవారికి ఈ అంకెలు గద్దించి అడిగే హక్కు కాస్త తగ్గుతుందనుకోండి.