గృహయంత్రములు: ఒక తెర, రెండు కార్డులు



కంప్యూటరు తెర నల్లబడగానే “కార్డు కాలిపోయినది” అనుకొనుట మన గృహములలో పరిపాటి. లినక్సుతో నడచు యంత్రమున రెండు వీడియో కార్డులున్నప్పుడు ఈ మాట పెక్కుమార్లు నిజము కాదు. కార్డులు రెండును కుశలముగనే యుండును. వానిని నడిపించు డ్రైవరులనెడి ప్రోగ్రాములకు మాత్రము పొత్తు కుదరకుండును. ఈ భేదము తెలియనిచో అక్కరలేని బాగుచేతకు వేలకొలది రూపాయలు చెల్లింపవలసివచ్చును. పిల్లల చదువును ఆగును. మా చీపురుపల్లివంటి యూళ్లవారు యంత్రమును విజయనగరమునకు రైలులో మోసికొనిపోవుటకు పూర్వము ఇంటనే చూచుకొనదగిన సంగతులు కొన్ని గలవు.

రెండు కార్డులేల యని మొదట తెలిసికొనవలెను. ఇట్టి ల్యాప్‌టాపులలో ఇంటెల్ లేక ఏఎండీవారి మొదటి కార్డు ప్రధానమైన చిప్పులోనే యిమిడి, కొద్ది విద్యుత్తుతో నిత్యకృత్యములు నెరవేర్చును. ఎన్‌విడియావారి రెండవ కార్డు ఆటలు, వీడియోల కూర్పు మొదలగు బరువుపనులకు. అది వేడి పుట్టించును, బ్యాటరీని త్వరగా ఖర్చుచేయును. పనిని బట్టి ఈ రెంటిని వాడుకొను ఆప్టిమస్ పద్ధతిని ఎన్‌విడియా 2010లో ప్రకటించెను. సాధారణముగ తెర మొదటి కార్డునకే కలుపబడియుండును. ఉమ్మడికుటుంబమున చిన్నకోడలు వండిన పిండివంటలను పెద్దకోడలు వడ్డించునట్లు, రెండవ కార్డు గీసిన బొమ్మను మొదటిది తెరపై చూపును. వడ్డించువారు లేనిచో వంట యెంత రుచియైనను విస్తరి శూన్యమే.

ఇంటెల్, ఏఎండీల డ్రైవరులు లినక్సు కెర్నెలులోనే యుండును. ఎన్‌విడియా మాత్రము తన డ్రైవరు రచనను చిరకాలము రహస్యముగ నుంచెను. అందుచే ఔత్సాహికులు కార్డు నడకను పరిశీలించి నూవో యను వేరొక డ్రైవరును వ్రాసిరి. అది 2010లో కెర్నెలున చేరెను. 2022 మే నెలలో ఎన్‌విడియా తన డ్రైవరున కెర్నెలునకు చెందిన భాగమును బహిరంగపరచెను. ఒకే కార్డును రెండు డ్రైవరులు ఒక్కమారు పట్టజాలవు. కలహమున కిదియొక మూలము.

ఇక పరీక్షలు. తెర నల్లబడినచో యంత్రమును మరల వేసి, గ్రబ్ పట్టిక వచ్చినప్పుడు ‘ఇ’ మీట నొక్కుడు. ‘లినక్స్’ అని మొదలగు పంక్తి చివర ఎన్, ఓ, ఎం, ఓ, డి, ఇ, ఎస్, ఇ, టి యను అక్షరములను ఆంగ్లమున చేర్చి ఎఫ్10 నొక్కుడు. ఈ మార్పు ఆ యొక్కసారికే పనిచేయును. బొమ్మ ముతకగనైనను వెలిగినచో తెర బాగున్నదనియు, దోషము చాలవరకు డ్రైవరుదేయనియు గ్రహింపవచ్చును.

పిదప టెర్మినలు తెరచి ఎల్, ఎస్, పి, సి, ఐ యని కొట్టుడు. ఆ జాబితాలో రెండు కార్డుల పేర్లును కనబడవలెను. రెండవదాని పేరే లేనిచో, బయోస్ అమరికలలో అది ఆపివేయబడినదేమో చూచి, అప్పుడు బాగుచేయువారిని పిలువవచ్చును.

పేర్లు రెండును ఉన్నచో డ్రైవరును మార్చి చూడవలెను. ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ అను చోట వారు సిఫారసు చేసినదానినే యెన్నుకొనుడు. కంపెనీ పుటనుండి విడిగా తెచ్చి యెక్కించినది కెర్నెలు మారినప్పుడెల్ల చెడుటకు అవకాశమెక్కువ. సెక్యూర్ బూట్ అను కాపలా యున్న యంత్రమున డ్రైవరు ఎక్కించునప్పుడు ఒక రహస్యపదము నడుగును. మరల వేయగనే నీలితెర వచ్చును. అందు ‘ఎన్‌రోల్ మోక్’ అనుదానిని ఎన్నుకొని ఆ పదము నీయవలెను. దానిని దాటవేసినచో డ్రైవరు గుమ్మము వెలుపలనే నిలిచిపోవును.

ఇంకొక మాట. పెక్కు ల్యాప్‌టాపులలో టీవీకి తీగ తగిలించు హెచ్‌డీఎంఐ ద్వారము రెండవ కార్డునకే చెందియుండును. ల్యాప్‌టాపు తెర వెలుగుచు టీవీ మాత్రము చీకటిగ నున్నచో, తీగను మార్చి చూచిన పిమ్మట ఎన్‌విడియా డ్రైవరునే శంకింపవలెను.

స్వేచ్ఛ సంఘమువారు తెలుగున నడచు లినక్సును సిద్ధపరచిరి. అయినను డ్రైవరుల సందేశములు ఆంగ్లముననే వచ్చుచున్నవి. కావున వానిని ఉన్నదున్నట్లు ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఒక్కొక్కమారు ఒక్క మార్పే చేయుడు. ఏది చేసితిరో దాని ప్రక్క తేదీతో గుర్తువేయుడు. బాగుచేయువాని యొద్దకు పోవలసివచ్చినను ఆ పుస్తకమును వెంట తీసికొనిపోయి, “ఇవి చూచితిమి, ఇక మీరు చూడుడు” అని చెప్పుడు. అప్పుడతడు కార్డు మార్చవలెననినచో, ఏల యని అడుగుటకు మీకు ఆధారముండును.