బావురుపిల్లి తూటాలూ, నెక్కొండ పులీ

రాయాలా వద్దా అని చాన్నాళ్ళుగా తటపటాయిస్తున్న సంగతి ఇది. సాహిత్యం రాసుకునే చోట తుపాకుల గోల ఏమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. కాని జిమ్ కార్బెట్‌నో, కెన్నెత్ ఆండర్సన్‌నో చదివి ఒక్క రాత్రయినా మంచె మీద కూర్చున్నట్టు కల కనని తెలుగు చదువరి మనలో ఎంతమంది ఉన్నారు? కాబట్టి ఈ తగవు మన తగవే.

మొన్న దసరాకు హన్మకొండ వచ్చిన ఒక మిత్రుడు ఈ టపాకు కారకుడు. ఇరవై ఏళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నాడు. అక్కడి చట్టం ఒప్పుకుంటుంది గనుక తన రైఫిలుకు తానే తూటాలు కట్టుకుంటాడు. సెల్‌ఫోనులో ఫొటోలు చూపించాడు. గరాజులో ఒక బల్ల, దానికి బిగించిన చేతి మర, మందు తూచే చిన్న త్రాసు, బారులు తీర్చిన ఇత్తడి గొట్టాలు. పూజామందిరం కూడా అంత శుభ్రంగా ఉండదు.

"అన్నా, మన దేశంలో ఈ విద్యను చట్టమే చంపేసింది. చేత్తో కట్టిన తూటా అంటే జంతువు మీద దయ. ఒక్క గుండు, ఒక్క క్షణం, బాధ లేదు. అడవిని నిజంగా ప్రేమించేవాడు వేటగాడే" అన్నాడు.

ఆ మాటకు అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు జవాబు చెబుతున్నాను.

ముందుగా ఆ విద్యకు ఒక నమస్కారం. తూటా అంటే మన కథల్లో రాసేస్తున్నట్టు గుండు ఒక్కటే కాదు. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు రాజేసే టోపీ, లోపల మందు, మూతిలో బిగించిన గుండు, ఈ నాలుగూ కలిస్తే తూటా. కాల్చిన తర్వాత తొడుగు మిగులుతుంది. దాన్ని మళ్ళీ కొలతకు నొక్కి, కొత్త టోపీ పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగించుకోవడమే చేతికట్టు. ఇంకొంచెం ముందుకు వెళ్ళినవాళ్ళు తొడుగు రూపాన్నే మార్చేస్తారు. మెడను సన్నం చేసి చిన్న గుండు పెడతారు, లేదా వెడల్పు చేసి పెద్దది పెడతారు. భుజాన్ని ముందుకు నెట్టి లోపల మరింత మందుకు చోటు చేస్తారు. ఇలాంటి తూటా ఏ కర్మాగారమూ అమ్మదు, ఎవడికి వాడు చేసుకోవలసిందే. అమెరికావాళ్ళు వీటికి వైల్డ్‌క్యాట్ అని పేరు పెట్టారు. మన భాషలో బావురుపిల్లి తూటాలు అందాం. ఇంటి పెంపకానికి లొంగని జాతి కదా!

ఈ పిల్లుల్లో కొన్ని తర్వాత ఇంటికి చేరాయి. .30-06 తొడుగు మెడను సన్నం చేయగా పుట్టిన .25-06ను దాదాపు అర్ధశతాబ్ది పాటు ఎవరికి వారే కట్టుకున్నారు. 1969లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని తన సరుకుగా అమ్మకానికి పెట్టింది. అదే తొడుగు మెడను వెడల్పు చేసిన .35 వీలెన్ 1920ల నాటిది. దానికి కంపెనీ గౌరవం దక్కేసరికి 1980లు చివరికొచ్చాయి. పి. ఓ. ఆక్లీ అనే ఆయనైతే మామూలు తూటాను కొంచెం పెద్ద గదిలో పేల్చి, ఆ పేలుడు ఒత్తిడితోనే ఇత్తడి కొత్త రూపానికి ఉబ్బేలా చేసేవాడు. పాత సైనిక రైఫిళ్ళను తీసుకుని, మందు పెంచుకుంటూ పోయి, కావాలని పగలగొట్టి, ఏది ఎంతవరకు తట్టుకుంటుందో రాసిపెట్టాడు. ఇది విద్య కాదని నేననను. కమ్మరి కొలిమికీ కంసాలి త్రాసుకూ పుట్టిన బిడ్డ ఇది.

నా పేచీ ఆ విద్యకు తొడిగిన దయ అనే ముసుగుతో.

తూటాల కొలతలు జంతువు బాధను తలచుకుని పుట్టాయా? మన దేశపు సంగతే చూడండి. 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం .450 కొలత రైఫిళ్ళను భారతదేశంలోకి రానివ్వకుండా నిషేధించింది. ఏనుగులమీదా పులులమీదా జాలి కలిగి కాదు. పాత మార్టినీ హెన్రీ సైనిక తుపాకులది కూడా అదే కొలత. వేటగాళ్ళ గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయం. ఇంగ్లండులోని తుపాకుల కంపెనీలు ఊరుకుంటాయా? .465, .470, .475, .476 అంటూ వెంట్రుకవాసి తేడాతో కొత్త కొలతలు అమ్ముకున్నాయి. శికారు పుస్తకాల్లో మనం భక్తితో చదివే ఆ అంకెల వెనుక ఉన్నది సామ్రాజ్యపు పిరికితనం.

మన .315 కథా అలాంటిదే. సైన్యం వాడే .303 సామాన్యుడి చేతిలో ఉండరాదు గనుక, సైన్యానికి పనికిరాని ఆస్ట్రియా మాన్‌లిచర్ తూటా కొలతను మనకు అంటగట్టారు. స్వతంత్రం వచ్చాక కూడా లైసెన్సుదారుకు సర్కారు కర్మాగారాలు ఇచ్చింది అదే. పాలకుడికి ప్రజ మీద ఉన్న అపనమ్మకమే మన తూటా కొలతగా మారింది. అందులో దయ ఏ పాళ్ళలో కలిసిందో తూచి చెప్పగల త్రాసు నా మిత్రుడి బల్ల మీద ఉంటే చూపించమనండి.

ఇక మా జిల్లాకే వద్దాం. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే రైలులో వరంగల్లు దాటాక నెక్కొండ వస్తుంది. 1902 ఏప్రిల్‌లో లార్డ్ కర్జన్ అక్కడ పులిని వేటాడాడు. ఆ ఫొటో లోకప్రసిద్ధం. వైస్రాయి, పక్కన భార్య మేరీ, ముందు చచ్చిన పులి. నిజాం సంస్థానంలోని ఆనాటి దర్బారు వైభవాన్నంతా పట్టి చూపిన రాజా దీన్‌దయాళ్ పేరుతోనే ఈ చిత్రమూ చలామణీలో ఉంది. మన వాళ్ళు దాన్ని "అరుదైన చిత్రం" అంటూ ఒకరికొకరు పంపించుకుంటారు. పులిని తుపాకి ముందుకు తోలడానికి డప్పులు కొట్టుకుంటూ పొదల్లో నడిచే హాకా మనుషులు లేకుండా అలాంటి వేట సాగదు. వాళ్ళ చేతుల్లో కర్రలు తప్ప ఏమీ ఉండవు. చరిత్రలో మిగిలిన పేర్లు మటుకు రెండే.

దీన్ని మనం శికారు అంటాం. అదే అడవిలో కోయవాడు ఉచ్చు పన్నితే దొంగవేట అంటాం. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే నా కోపానికి మూలం. ఆ దూరం ఎంతో మా ఇంట్లోనే చూశాను.

మా పెద్దబాపు నర్సంపేట దగ్గరి ఒక పల్లెలో మాలీ పటేలు. ఇంట్లో లైసెన్సు ఉన్న 12 బోరు తుపాకి ఉండేది. బజారు తూటాలు ఖరీదని ఇత్తడి తొడుగులు దాచుకుని వాటినే మళ్ళీ నింపేవాడు. నల్లమందు, పాత గుడ్డ, అట్టముక్క, సీసపు రవ్వలు. మందు కొలవడానికి కొమ్ముతో చేసిన చిన్న గిద్దె. దీపావళి ముందు మేం పిల్లలం చుట్టూ కూర్చుని చూసేవాళ్ళం. నా ఎనిమిదో ఏట, అంటే 1968లో, ఎవరో ఆయనకు పొగరాని మందు డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చారు. కొత్త మందు కదా, గొప్ప మందు కదా! అదే గిద్దెతో కొలిచి పోశాడు. నల్లమందుకు చేసిన కొలతతో పొగరాని మందు పోస్తే బలం ఎన్నో రెట్లవుతుందని ఆయనకు చెప్పిన పుస్తకం లేదు, మనిషీ లేడు. పాకాల చెరువు వెనుక అడవిలో దుప్పి మీద పేల్చాడు. గొట్టం చీలిపోయింది. ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి.

రవ్వలు మాత్రం దుప్పికి తగిలాయి. రెండు రోజుల తర్వాత పశువులు కాసే పిల్లలు చెరువు శిఖం అంచున దాన్ని చూశారు. నీళ్ళ కోసం అక్కడిదాకా పాక్కుంటూ వచ్చిన జాడ బురదలో ఉందట.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పాకాల అడవి 1950ల తొలినాళ్ళకే అభయారణ్యం. మా పెద్దబాపు చేసింది అచ్చంగా దొంగవేట. అయినా పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒక్కడూ ఆ మాట అనలేదు. "పటేలుగారికి శికారులో ప్రమాదం జరిగింది" అన్నారు. ఆ ఏడాదే కుందేలు కోసం ఉరి పెట్టాడని ఊరి చివర గుడిసెల మనిషిని చావడి దగ్గర చెట్టుకు కట్టేశారు. కట్టేయించిన పెద్దల్లో, చేతికి గుడ్డ చుట్టుకుని, మా పెద్దబాపూ ఉన్నాడు. అది నేను కళ్ళారా చూశాను. ఇన్నేళ్ళుగా రాయలేకపోయింది దీన్నే.

ఆయన చివరి రోజుల్లో ఒకమాట అన్నాడు. "నా వేళ్ళు పోయిన సంగతి ఊరందరు అడిగిన్రు. దుప్పి సంగతి ఒక్కడు అడగలె." అంతకంటే నిజాయితీగల శికారు కథ నేనెక్కడా చదవలేదు.

నా మిత్రుడి వాదంలో బలం లేదనను. అమెరికాలో ఈ విద్య వెనుక ఒక శాసనం లాంటి క్రమశిక్షణ ఉంది. తూటాల కొలతలకూ ఒత్తిళ్ళకూ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ 1926లోనే ఏర్పడింది. ఏ తొడుగులో ఏ మందు ఎంతకు మించరాదో చెప్పే పట్టికలు అచ్చై దొరుకుతాయి. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. దాంతో విద్య బయటికి రాదు, చాటుగా చేసేవాడు చెయ్యి పోగొట్టుకుంటాడు. ఇంతవరకు ఒప్పుకుంటాను.

కాని "ఒక్క గుండు, బాధ లేదు" అన్నది బల్ల మీది లెక్క. గాలికీ, పొదకూ, వేటగాడి వణుకుకూ ఆ లెక్క తెలియదు. కార్బెట్ అంతటివాడు .275 రిగ్బీతో ఎంత గురిగా కొట్టినా, తర్వాతి రోజుల్లో కెమెరా పట్టుకోవడమే మేలనుకున్నాడు. చేతికట్టు తూటా గురిని పెంచగలదు, నిజమే. చంపవలసిన అవసరాన్ని పుట్టించలేదు.

అవసరం ఉన్నచోటు వేరే ఉంది. ములుగు నుంచి నర్సంపేట దాకా మక్కచేలు వేసిన రైతును అడగండి. ఒక రాత్రిలో అడవిపందులు ఎకరాన్ని దున్నిపోతాయి. కడుపు మండి చేను చుట్టూ కరెంటు తీగ కడతాడు. ఆ తీగకు పందితోపాటు దుప్పి చస్తుంది, ఒక్కోసారి పులి చస్తుంది, పక్కచేనుకు నీళ్ళు పెట్టడానికి పోయిన మనిషీ చస్తాడు. ఇలాంటిచోట చట్టప్రకారం అనుమతి పొందిన షూటరు, మంచి తూటా, శిక్షణ ఉన్న చెయ్యి, ఇవి కావాలి. నా మిత్రుడి దయ ఇక్కడ పనికొస్తుంది. కాని అది శికారు కాదు, పని. పాడుబడ్డ బావిని పూడ్చడం లాంటి పని. పూడ్చిన బావి మీద కాలు వేసి ఎవడైనా ఫొటో దిగుతాడా?

1972 చట్టం వేటను కట్టడి చేసింది, 1991 సవరణ వినోదపు వేటకు మిగిలిన సందులనూ మూసింది. మనలో కొందరు దీన్ని ఒక సంస్కృతి మరణంగా రాసి కన్నీరు పెడుతున్నారు. ఆ సంస్కృతిలో హాకా కొట్టినవాడి వాటా ఎంత? ఉరి పెట్టి చెట్టుకు కట్టించుకున్నవాడి వాటా ఎంత? ఏ పక్క నుంచి చూసి ఏడుస్తున్నామో తేల్చుకున్నాక ఏడుద్దాం.

తెలుగులో తూటాల గురించి రాయండి, తప్పక రాయండి. గుండుకూ తూటాకూ తేడా తెలిసి రాయండి. గురిపందేల కోసం ఆ విద్య నేర్పే రోజు వస్తే మొదటి వరసలో కూర్చుంటాను. కాని నెక్కొండ పులి ఫొటోను మళ్ళీ ఎవరికైనా పంపేటప్పుడు "అరుదైన చిత్రం" అన్న మాట కొట్టేయండి. అందులో అరుదైనది పులి ఒక్కటే. మిగతాదంతా మన ఊళ్ళలో నిన్నటిదాకా రోజూ జరిగిందే.

మిత్రుడు ఇది చదువుతాడని తెలుసు. తమ్మీ, కోపం వస్తే వచ్చే దసరాకు వచ్చి తిట్టు. ఇద్దరం కలిసి పాకాల కట్ట మీద కూర్చుందాం. నీ కెమెరా తెచ్చుకో.