తొట్టిలో మందారము

తొట్టిలోని మందారము మొగ్గలు విరివిగా వేసియు, అవి విచ్చకమునుపే పసుపుబారి రాలుచున్నవని సోదరీమణులనేకులు వగచుచుందురు. అట్టి సమయమున కోడలి ముట్టు సోకినదనియు, పొరుగామె కన్ను తగిలినదనియు కొన్ని యిండ్లలో పలుకుట కలదు. కోడండ్రపై మోపు నిందలు ఇదివరకే చాలవా? రాలిన మొగ్గను గోటితో చీల్చి చూడుడు, కారణమచ్చటనే దొరకవచ్చును.

లోపల తెల్లని సన్నపురుగులున్నచో, అవి యొక చిన్న యీగ మొగ్గలో పెట్టిన గ్రుడ్లనుండి పుట్టినవి. రాలిన మొగ్గలను మంటిపై నుండనీయరాదు. ఆ పురుగులు మంటిలో దూరి, మరల నీగలై వెడలును. కావున ప్రతిదినమును వానినేరి, మూటగట్టి పారవేయవలెను. తొడిమలయొద్ద తెల్లని పిండి కనబడినచో నది పిండినల్లి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెయు, కొంచెము సబ్బునీరును కలిపి, వారమునకొకసారి సాయంకాలమున చల్లవలెను.

పురుగేమియు లేనిచో దోషము తరచుగా నీటిదే. ఒకనాడెండి, మరునాడు మునిగిన వేరు మొగ్గను నిలుపజాలదు. వ్రేలిని మంటిలో నొక యంగుళము దించి చూచి, తడి తగులనిచో, అడుగు రంధ్రమునుండి కారువరకు పోయుడు. పళ్లెరమున నిలిచిన నీటిని పారబోయుడు. పూవులకని యెరువు క్రుమ్మరించుట వ్యర్థము. నత్రజని మిక్కుటమైనచో నాకులే పెరుగును.

మందారమునకు దినమునకు 6 గంటల యెండ కావలెను. వసారా మూలనున్న తొట్టిని మొగ్గ తొడుగకమునుపే యెండకు మార్చుడు. తొడిగిన పిమ్మట కదలింపకుడు.