బోర్డు మీద 400 ఆంప్స్.. పనిలో ఎన్ని?

బెంగళూరు పీణ్యలో చిన్నపాటి ఫ్యాబ్రికేషన్ షాపులు నడిపే తెలుగువారికి కొదవ లేదు. హిందూపురం, మడకశిర, మదనపల్లె, కుప్పం వైపు నుంచి హెల్పర్లుగా వచ్చి, ఏళ్ల తరబడి హోల్డరు పట్టి, ఆపై సొంతంగా రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నవాళ్లూ వీరిలో ఉన్నారు. అప్పోసప్పో చేసి వీరు కొనే మొదటి పెద్ద వస్తువు వెల్డింగ్ మిషన్. డీలరు దగ్గరికెళ్లి అడిగేది మాత్రం రెండే ముక్కలు.. ఎన్ని ఆంప్స్? ఎంతకిస్తావ్? దెబ్బ తినేది అక్కడే.

మిషన్ ముందు పెద్దక్షరాలతో 400 అని ఉంటుంది. వెనక రేకు మీద చిన్నగా 60 శాతం అని ఉంటుంది. ఇదే డ్యూటీ సైకిల్. అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే 400 ఆంప్స్‌తో కాల్చాలి, మిగతా నాలుగు నిమిషాలు మిషన్ చల్లారాలి. ఆపకుండా నడపాలంటే అది ఇవ్వగలిగేది దాదాపు 310 ఆంప్సే. డ్యూటీ సైకిల్ 35 శాతమైతే 240 కూడా రాదు. ఈ లెక్కైనా 40 డిగ్రీల వేడిలో చేసే పరీక్షది. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద, ఫ్యాను నిండా గ్రైండింగ్ ధూళి పట్టిన మిషన్ నుంచి ఆ మాత్రం కూడా ఆశించలేం.

గేట్లు, గ్రిల్లులు చేసేవారికి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. రాడ్డు మార్చాలి, స్లాగ్ కొట్టాలి, ముక్క తిప్పాలి.. మిషన్‌కు విశ్రాంతి దానంతటదే దొరుకుతుంది. రోజూ వందల బ్రాకెట్లు దించాల్సిన జాబ్ వర్క్ సంగతి వేరు. సీఓటూ మిషన్‌లో రాడ్డు మార్చే పని లేదు, వైరు వస్తూనే ఉంటుంది, ఆర్క్ కాలుతూనే ఉంటుంది. మధ్యలో ఓవర్‌హీట్ లైటు వెలిగిందా, వెల్డరూ హెల్పరూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ముక్కకు ఇంత అని కూలీ తీసుకునే వెల్డరుకు అలా కూర్చున్నంతసేపూ పైసా రాదు. మిషన్ చవగ్గా కొన్నది యజమాని, నష్టం మాత్రం వెల్డరుకు కూడా!

ఇంకో చిక్కుంది. రాడ్డు మిషన్ ఉందిగా, వైర్ ఫీడరు తగిలిస్తే పోలా అనుకుంటారు కొందరు. మామూలు రాడ్డు మిషన్‌తో అది కుదరదు. రాడ్డుకు కరెంటు నిలకడగా ఉండాలి, చెయ్యి కాస్త వణికి ఆర్క్ పొడుగైనా ఆంప్స్ పెద్దగా మారకూడదు. వైరుకు కావాల్సింది వోల్టేజీ నిలకడ. రెండూ ఇచ్చే మిషన్లున్నాయి, ధర ఎక్కువ. చేతిలో రెండు రకాల పనీ ఉంటేనే అవి గిట్టుబాటు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్‌ను పాత ఇనుము కింద అమ్మేయమని ఎవరూ అనరు. మొరటు సరుకు అది. కాలితే రీవైండింగ్ చేయించుకోవచ్చు. కానీ పవర్ ఫ్యాక్టర్ తక్కువ, ఆ భారం బెస్కాం బిల్లులో కనిపిస్తుంది. అందరూ టీకి వెళ్లినా అది గుయ్‌మంటూ కరెంటు తాగుతూనే ఉంటుంది. ఈ విషయంలో మంచి త్రీఫేజ్ ఇన్వర్టరే నయం. యూరోపియన్ యూనియన్ అయితే 2023 జనవరి నుంచి త్రీఫేజ్ డీసీ మిషన్లకు కనీసం 85 శాతం సామర్థ్యం ఉండాలని, ఖాళీగా ఉన్నప్పుడు 50 వాట్లు దాటకూడదని షరతు పెట్టింది. మోడల్ తయారీ ఆగిపోయాక కూడా పదేళ్లు స్పేర్లు దొరకాలన్నది అదే చట్టంలోని మరో మాట. చిన్న షాపుకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఇన్వర్టర్ బోర్డు కాలితే రీవైండింగ్ మేస్త్రీ చేయగలిగింది ఏమీ లేదు. ఆ మోడల్ బోర్డు ఎస్పీ రోడ్డులో దొరక్కపోతే మిషన్ మొత్తం మూలన పడాల్సిందే. బోర్డు ధరెంత, ఎన్నేళ్లు ఇస్తారు, రిపేరుకు ఎన్ని రోజులు.. కొనేవాడే అడిగి బిల్లు మీద రాయించుకోవాలి.

డబ్బు కట్టేముందు సొంత ప్లేటు, సొంత వైరు పట్టుకెళ్లి, రోజూ వాడే ఆంప్స్‌తోనే డీలరు షాపులో గంటసేపు కాల్చి చూస్తాననాలి. ఒప్పుకోకపోతే పక్క షాపు ఉంది.