వేటకుక్కల వంశవృక్షాలు - ఓ లాగ్ ఫైల్ గోల

"కాగితాలు వేటాడవు" అని పాయింటింగ్ కుక్కలు పెంచే అమెరికన్లలో ఒక మాట ఉంది. మన ఆఫీసుల్లో ఇదే ముక్క ఇంకాస్త ఘాటుగా వినిపిస్తుంది: "కుక్కకి కూడా కుల ధ్రువీకరణ పత్రమా, సిగ్గులేకపోతే సరి!" రెండు మాటలూ వినడానికి బావుంటాయి. రెండూ తప్పేనని నా వాదన. ఇంకా చెప్పాలంటే, రిజిస్ట్రీని వెనకేసుకొచ్చే పెద్దమనుషుల్లో చాలామంది చెప్పే కారణాలు కూడా తప్పే. అందుకే ఈ గోల.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. పాయింటర్, సెట్టర్ లాంటి కుక్కలు కౌజుపిట్ట వాసన తగలగానే దాని మీదికి ఉరకవు. ఉన్నచోటే బిగుసుకుపోయి, ముక్కు అటు పెట్టి, విగ్రహంలా నిలబడతాయి. ఈ పనికి అమెరికాలో 1874 నుంచి పోటీలున్నాయి, మొదటిది మెంఫిస్ దగ్గర జరిగింది. వీటికి తలమానికం 1896లో మొదలైన నేషనల్ ఛాంపియన్‌షిప్. 1915 నుంచి టెన్నెసీలో గ్రాండ్ జంక్షన్ దగ్గరున్న ఏమ్స్ ప్లాంటేషన్‌లో జరుగుతోంది. రెండేసి కుక్కల్ని జంటగా వదుల్తారు, మూడు గంటల పాటు. జడ్జీలు గుర్రాల మీద వెనకాల వెళ్తారు. పిట్టని లేపి ఖాళీ తూటా పేల్చినా కుక్క కదలకూడదు. జతకుక్క ముందే పాయింట్ చేసి నిలబడితే ఇది కూడా మర్యాదగా ఆగిపోవాలి. (మన మీటింగుల్లో ఈ మాత్రం సంస్కారం ఎక్కడేడిసింది :))

సరే, అసలు విషయానికొద్దాం. ఆ మూడు గంటల్లో కుక్క గెలిస్తే ఏం తెలిసినట్టు? ఆ రోజు గాలి ఎటు వీచింది, నేల తడిగా ఉందా పొడిగా ఉందా, పొద్దున వదిలారా మధ్యాహ్నమా, దాని దారిలో అసలు పిట్టలున్నాయా.. ఒక్క మెషీన్ మీద ఒక్కసారి రన్ చేసి బెంచ్‌మార్క్ ప్రకటిస్తే మనం ఊరుకుంటామా? ఇదీ అంతే. పెంపకందారుకి నిజంగా పనికొచ్చేది ఆ కుక్క పిల్లలు ఓ నలభై, వేర్వేరు చోట్ల, వేర్వేరు ట్రైనర్ల చేతుల్లో, వేర్వేరు వాతావరణాల్లో ఏం చేశాయన్నది. ట్రైనర్ గొప్పతనం, అదృష్టం, గాలివాటం చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, తండ్రి ఇచ్చిందేమిటో మిగులుతుంది.

ఇది తేలాలంటే ఫలానా పిల్ల ఫలానా తండ్రిదని పుట్టినప్పుడే, అది గెలుస్తుందో ఓడుతుందో ఎవరికీ తెలియకముందే, రాసిపెట్టి ఉండాలి. "గెలిచాక రాసుకుందాంలే" అంటే కుదరదు. ఓడినవన్నీ లెక్కలోంచి మాయమైపోతాయి. ఫెయిలైన టెస్ట్ కేసులు డిలీట్ చేసి క్లయింటుకి రిపోర్టు పంపినట్టు. పుట్టగానే రాసిపెట్టే ఈ విసుగు పనినే ఫీల్డ్ డాగ్ స్టడ్ బుక్ పంతొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టింది. కాగితాలు వేటాడవు, నిజమే. లాగ్ ఫైల్ కూడా కోడ్ రాయదు. అలాగని ప్రొడక్షన్‌లో లాగింగ్ ఆపేస్తామా?

ఇంకోటి. దగ్గరి రక్తంలో జతకడితే ఎంత ప్రమాదమో లెక్కగట్టే పద్ధతిని స్యూవల్ రైట్ 1922లోనే ఇచ్చాడు. ఒకే తల్లిదండ్రుల పిల్లల్ని కలిపితే 25 శాతం, తండ్రి ఒక్కడే ఉమ్మడి అయితే 12.5. ఆ లెక్కకి ఇన్‌పుట్ వంశవృక్షమే. రాబర్ట్ వేలీ తన ఎల్‌హ్యూ పాయింటర్లని (ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరు తిరగేస్తే వచ్చే పేరది) దశాబ్దాల తరబడి దగ్గరి రక్తంలోనే నడిపించాడు. ఎవరికెవరు ఏమవుతారో రాసుకోకుండా ఆ పని చేసుంటే కళ్ళు మూసుకుని కత్తిసాము చేసినట్టే.

ఇక రెండో బ్యాచ్. రిజిస్ట్రీ అంటే 'శుద్ధ రక్తం' కాపాడే కోట అనుకునే వాళ్ళు. వీళ్ళతోనే నాకు అసలు పేచీ.

ఐరిష్ సెట్టర్ సంగతే చూడండి. షోల కోసం బొచ్చు, తలకట్టు చూసుకుంటూ పెంచగా పెంచగా, 1940ల నాటికి ఈ జాతి వేట పొలంలోంచి మాయమైపోతోందని పత్రికలే రాశాయి. నెడ్ లెగ్రాండ్ అనే పెన్సిల్వేనియా ఆసామి మిగిలిన పనిమంతుల్ని వెతికి కొని, వాటిని ఇంగ్లీష్ సెట్టర్లతో కలిపాడు. దొంగచాటుగా కాదండోయ్, ఫీల్డ్ డాగ్ స్టడ్ బుక్ ఒప్పుకుని, నమోదు చేసుకుని మరీ. అలా వచ్చినవే ఇవాళ్టి రెడ్ సెట్టర్లు. 1975లో ఐరిష్ సెట్టర్ క్లబ్ వాళ్ళు అడిగితే అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ పుస్తకంలోని వాటికి తలుపు మూసేసింది. పరిగెత్తగలిగే ఎర్ర కుక్కలు బయట, దువ్విన ఎర్ర కుక్కలు లోపల.

డాల్మేషియన్ కథ ఇంకా ఘోరం. ఆ జాతి మొత్తానికీ యూరిక్ యాసిడ్ జన్యులోపం, మూత్రంలో రాళ్ళు పడతాయి. మంచి జన్యువు జాతిలో ఎక్కడా లేదు, బయటి నుంచే రావాలి. 1973లో డాక్టర్ షైబుల్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పాయింటర్‌తో కలిపి, తర్వాత ప్రతి తరాన్నీ మళ్ళీ డాల్మేషియన్లతోనే జతకట్టాడు. 1981లో రెండు కుక్కల్ని నమోదు చేసుకున్న కెన్నెల్ క్లబ్ గొడవ కాగానే వెనక్కి తగ్గింది. మళ్ళీ తలుపు తెరిచింది 2011లో! ముప్ఫై ఏళ్ళు. ఈ మధ్యలో రాళ్ళతో విలవిల్లాడిన కుక్కల పాపం ఎవరి ఖాతాలో రాయాలి? గమనించండి, షైబుల్ గెలిచింది కూడా రికార్డుల వల్లే. ఏ తరంలో ఎంత పాయింటర్ రక్తం మిగిలిందో ఆయన కాగితం మీద చూపించగలిగాడు.

"ఇప్పుడు డీఎన్ఏ టెస్టులున్నాయిగా, ఇంకా ఈ పుస్తకాలెందుకు?" అని మనవాళ్ళు అడుగుతారు. మంచి ప్రశ్నే. టెస్టు తండ్రిని పట్టివ్వాలంటే ఆ తండ్రి ప్రొఫైల్ ముందే ఎక్కడో దాచి ఉండాలి. అలా దాచిన చోటుని ఏమంటారు? రిజిస్ట్రీ అనే అంటారు :) తప్పుడు పేర్లు రాసే దొంగల్ని పట్టడానికి డీఎన్ఏ బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎక్కువ ఈతలకి వాడే మగకుక్కల డీఎన్ఏ కావాలని అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2000లోనే పట్టుబట్టింది, ఆ విషయంలో వాళ్ళని మెచ్చుకోవాలి. కానీ మూడు గంటలు అలుపెరగకుండా తిరిగే గుణం చెంపలోంచి తీసిన దూదిపుల్లలో కనిపించదు. హైదరాబాదులో "విత్ పేపర్స్" అని ఎక్కువ డబ్బు పోసి కొనేవాళ్ళు ఆ కాగితం మీది తాతముత్తాతల్లో ఒక్కడైనా ఏ పని చేశాడని అడగగా నేను వినలేదు. అడగనప్పుడు ఫ్రేము కట్టించుకోవడానికి తప్ప అదెందుకు?

కుక్కల గొడవ మనకెందుకు అనే వాళ్ళకి ఒంగోలు గిత్త. 1960ల మొదట్లో బ్రెజిల్ వాళ్ళు కొనుక్కెళ్ళిన వాటిలో 'కర్వాడి' ఒకటి, ఒంగోలు పక్కన కరవది నుంచి పోయింది. అక్కడ నెలోర్ జాతికి హెర్డ్ బుక్ ఉంది, తండ్రి పేరు పక్కన పిల్లల బరువులూ ఉంటాయి. 2023లో వయాటినా-19 అనే ఆవులో వాటా అమ్మితే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ నలభై లక్షల డాలర్లు దాటింది. "మన ఒంగోలు ఆవే!" అని వాట్సాప్‌లో తెగ మురిసిపోయాం. మనకీ ఒంగోలులో కేంద్ర ప్రభుత్వ హెర్డ్ రిజిస్ట్రేషన్ యూనిట్ ఉంది, లేదనను. కానీ సంక్రాంతికి బండలాగుడు పోటీలకి వెళ్ళి చూడండి. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళ విభాగాలు, ఇన్ని నిమిషాల్లో ఇన్ని అడుగులని మైకులో చెప్తారు, యజమాని పేరు, ఊరి పేరు చెప్తారు. నేను చూసినంతలో గిత్త తండ్రి పేరు మాత్రం ఏ మైకులోనూ వినబడలేదు, ఆ అడుగుల లెక్క ఏ తండ్రి ఖాతాలోనూ పడలేదు.