ఒక తేదీ, పదకొండు ఫైళ్లు

నా మొదటి ఉద్యోగం విజయవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర మూడో అంతస్తులో ఒక చిన్న ఆఫీసు. మొత్తం ఆరుగురం. చేరిన రెండో నెలలో ఒక కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్ నా చేతిలో పెట్టారు. అడ్మిషన్లు, ఫీజులు, హాస్టల్ దరఖాస్తులు... అన్నీ లారావెల్‌లో రాసిన పేజీలు. ఒకరోజు సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే వాళ్ల దగ్గర్నుంచి ఫోను. హాస్టల్ దరఖాస్తుకి ఆఖరి తేదీ జూన్ 25 కాదట, 20కి మార్చాలట. ఇంతేగా అనుకుని బ్యాగు మళ్లీ కింద పెట్టాను. ప్రాజెక్టు మొత్తంలో "జూన్ 25" అని వెతికాను. పది ఫైళ్లలో దొరికింది. పదింట్లోనూ మార్చేసి, అప్‌లోడ్ చేసి, బస్సెక్కేశాను.

పదకొండోది ఉంది. అందులో నాకంటే ముందు పనిచేసినవాళ్లెవరో "25-06" అని రాశారు. నేను వెతికిన మాటకి అది ఎలా దొరుకుతుంది?

24వ తేదీ పొద్దున ఒక నాన్నగారు కూతుర్ని తీసుకుని పార్వతీపురం నుంచి రాత్రి రైలెక్కి వచ్చారు. ఆఫీసువాళ్లు గడువు అయిపోయిందన్నారు. ఆయన ఫోన్ తీసి మా పేజీ చూపించారు. అయినా లేట్ ఫీజు వెయ్యి రూపాయలు కట్టించుకునే సీటిచ్చారు. తర్వాత ఆ స్క్రీన్‌షాట్ మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులోకి వచ్చి పడింది. అప్పుడు నా జీతం పన్నెండు వేలు. వెయ్యి రూపాయలంటే ఎంతో నాకు బాగా తెలుసు.

మా సీనియర్‌ది తెనాలి. నన్ను తిడతాడనుకున్నా. తిట్టలేదు. స్క్రీన్ వైపే కాసేపు చూసి, "నువ్వు పదకొండోది వదిలేశావని కాదురా, అసలు ఒక తేదీ పదకొండు చోట్ల ఎందుకుందో చెప్పు" అన్నాడు.

"ముందు నుంచీ అలాగే ఉందన్నా."

"అదే కదా రోగం."

ఈ వారం ఆ రోగం గురించే. పీహెచ్‌పీ నేర్చుకుంటున్నవాళ్లకీ, ఫైనలియర్ ప్రాజెక్టు మీద కూర్చున్నవాళ్లకీ పనికొస్తుంది. లారావెల్ కాకుండా ఇంకేదో వాడేవాళ్లు కూడా చదవచ్చు, పేర్లు మారతాయి గానీ చిక్కు అదే.

పీహెచ్‌పీ పుట్టిందే పేజీల కోసం. 1990ల మధ్యలో రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత హోమ్ పేజీ కోసం రాసుకున్న చిన్న చిన్న పనిముట్లే దీని మొదలు. హెచ్‌టీఎంఎల్ మధ్యలో నాలుగు లైన్ల కోడ్ దూర్చుకోవచ్చన్న సుఖం అక్కడి నుంచే వచ్చింది. అందుకే మనం కాలేజీలో ఏం చేస్తాం? హెడర్ అని ఒక ఫైలు, ఫుటర్ అని ఒక ఫైలు, ప్రతి పేజీలో పైనా కిందా వాటిని ఇన్‌క్లూడ్ చేయడం. నా ప్రాజెక్టు కూడా ఇలాగే ఉండేది. దీంట్లో ఒక తమాషా ఉంది. హెడర్ ఫైల్లో ఒక డివ్ తెరుచుకుంటుంది, అది మూసుకునేది ఫుటర్ ఫైల్లో. రెండిట్లో ఏది తెరిచి చూసినా సగం తలుపే కనిపిస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఎవడో ఫుటర్‌లో ఒక మూత ఎక్కువైందని తీసేస్తాడు, సైటు మొత్తం పక్కకి ఒరిగిపోతుంది. (ఆ ఎవడో నేనే.)

2011లో టేలర్ ఆట్‌వెల్ మొదలుపెట్టిన లారావెల్‌లో బ్లేడ్ అనే టెంప్లేట్ పద్ధతి ఉంది. అది ఈ తలుపు గొడవని తిరగేసి తీరుస్తుంది. శుభలేఖలు అచ్చేసే ప్రెస్సుకి ఎప్పుడైనా వెళ్లారా? పైన వినాయకుడి బొమ్మ, శ్రీరస్తు శుభమస్తు, చుట్టూ అంచు, కింద బంధుమిత్రుల మాట... ఇదంతా ముందే తయారుగా ఉంటుంది. వధూవరుల పేర్లూ ముహూర్తమూ వేదికా మాత్రం ఖాళీ. మీరెళ్లి ఆ ఖాళీలు నింపించుకుని వస్తారు. బ్లేడ్‌లో లేఅవుట్ అంటే అదే. లేఅవుట్ ఫైల్లో యీల్డ్ అని రాసిన చోట ఖాళీ. పేజీ ఏమో "నేను ఫలానా లేఅవుట్‌ని ఎక్స్‌టెండ్ చేస్తున్నా" అని మొదటి లైన్లో చెప్పి, సెక్షన్ అని రాసి ఆ ఖాళీ నింపుతుంది. తలుపు తెరిచేదీ మూసేదీ ఒకే ఫైలు. ఇంతవరకూ అందరూ చేస్తారు, యూట్యూబ్ పాఠాలన్నీ ఇక్కడిదాకా బాగానే తీసుకొస్తాయి.

అసలు తంటా పేజీ లోపల ఉండే చిన్న ముక్కలతోనే. ఫీజు పట్టిక, విద్యార్థి ఫొటో పేరు ఉన్న డబ్బా, "ఆఖరి తేదీ ఫలానా" అని ఎర్రగా కనిపించే పట్టీ. వీటినే మనం కాపీ కొట్టి అతికించేది.

స్క్రీన్‌షాట్ వచ్చిన రోజే నేను పౌరుషంగా కూర్చుని ఆ ఎర్ర పట్టీని వేరే ఫైల్లోకి తీసేశాను. పదకొండు చోట్లా దాన్ని ఇన్‌క్లూడ్ చేశాను. పట్టీలో "డేట్" అనే వేరియబుల్‌ని చూపించమన్నాను, ప్రతి కంట్రోలర్ నుంచీ డేట్ పంపించాను. ఇక ఈ జన్మలో ఆ తప్పు జరగదు అనుకున్నా. మర్నాడు సీనియర్ లైవ్‌లో పెట్టేముందు ఒక్కో పేజీ తిప్పుతూ ఆగాడు. మాక్ టెస్టు పేజీలో హాస్టల్ ఆఖరి తేదీ జూలై 14 అని ఉంది. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ పేజీకి ముందు నుంచే డేట్ అనే వేరియబుల్ ఉంది, అది పరీక్ష తేదీ. బ్లేడ్‌లో ఇన్‌క్లూడ్ చేసిన ముక్కకి తల్లి పేజీ దగ్గరున్న వేరియబుల్స్ అన్నీ అందుతాయి. నా పట్టీకి కావాల్సింది డేట్. ఎవరి డేటైతేనేం, దొరికింది, చూపించేసింది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు.

మొదటి తప్పుకంటే ఇది నన్ను ఎక్కువ భయపెట్టింది. కాపీ కొట్టిన ముక్క పాతబడుతుంది, అంతే. ఈ ముక్క తనకి సంబంధం లేని సమాచారాన్ని తనదే అన్నట్టు చూపిస్తోంది. ఇన్‌క్లూడ్ చేసేటప్పుడు పక్కనే విలువలు రాసి పంపొచ్చు, నిజమే. కానీ మీరు పంపడం మర్చిపోతే అది అడగదు. చేతికి దొరికినదాంతో సర్దుకుపోతుంది.

కాంపొనెంట్ సర్దుకుపోదు. అందుకే నాకది ఇష్టం. లారావెల్‌లో ఇవి 2017లో 5.4 వెర్షన్‌తో వచ్చాయి. 2020 మార్చిలో వచ్చిన 7తో ఎక్స్ అని మొదలయ్యే హెచ్‌టీఎంఎల్ ట్యాగుల్లా రాసుకునే వీలు కలిగింది. మా సైటుని ఆ తర్వాతే మార్చాం. వ్యూస్ ఫోల్డర్‌లో కాంపొనెంట్స్ అనే ఫోల్డర్ పెట్టి, అందులో డెడ్‌లైన్ అనే బ్లేడ్ ఫైలు ఉంచితే చాలు, వేరే క్లాసు కూడా అక్కర్లేదు. ఫైలు పైన ప్రాప్స్ అని రాసి, ఈ ముక్కకి ఏమేం కావాలో జాబితా ఇవ్వాలి. తల్లి పేజీ వేరియబుల్స్ దీనికి వాటంతటవే అందవు. ట్యాగులో మీరు చేత్తో ఇచ్చిందే దాని లోకం. తేదీ ఇవ్వకుండా వాడారనుకోండి, ఆ వేరియబులే లేదని పేజీ ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. ఆగిపోనివ్వండి. నా లాప్‌టాప్‌లో ఆగితే నాకు పది నిమిషాలు పోతాయి. ఆగకపోతే ఏమవుతుందో పైన చెప్పానుగా.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. ప్రాప్స్‌లో డిఫాల్ట్ విలువ కూడా పెట్టుకోవచ్చు. పట్టీ రంగుకి ఎరుపు అని డిఫాల్ట్ పెట్టండి, తప్పులేదు. తేదీకీ, ఫీజు మొత్తానికీ, ఫోన్ నంబరుకీ మాత్రం పెట్టకండి. ఎర్రర్ రావాల్సిన చోట పాత తేదీ నవ్వుతూ నిలబడుతుంది.

ఇంతకీ ఏది కాంపొనెంట్స్ ఫోల్డర్‌లోకి వెళ్లాలి? ఇది నేర్చుకున్న కొత్తలో నేను కనిపించినవన్నీ అందులో పడేశాను. మా అమ్మ పోపుల డబ్బాలో ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి ఉంటాయి. రోజూ ప్రతి కూరకీ చెయ్యి వెళ్లేవి. బిర్యానీ ఆకు అందులో ఉండదు, షాజీరా ఉండదు. వాటికి పై అరలో వేరే సీసాలు. ఇప్పుడు నేనూ అంతే. ఫీజు పేజీలో మాత్రమే వాడే పట్టిక ఫీజు ఫోల్డర్‌లోనే, ఆ పేజీ పక్కనే ఉంటుంది. రెండోచోట అవసరమొస్తే కాపీ కొట్టేస్తా, సిగ్గుపడను. మూడోచోట కూడా కావాలంటే అప్పుడు కూర్చుని, ఈ మూడిట్లో నిజంగా ఒకటే ఉన్నదేంటో చూసుకుని కాంపొనెంట్ చేస్తా. ఫారాలకి సంబంధించినవి ఫారమ్ అనే లోపలి ఫోల్డర్‌లో. అలా పెడితే ట్యాగులో ఫారమ్ చుక్క ఇన్‌పుట్ అని పిలవచ్చు. కొత్తగా చేరినవాళ్లు ఎవర్నీ అడక్కుండానే వెతుక్కోగలుగుతారు.

మూడోసారి దాకా ఎందుకు ఆగాలంటే, దానికీ ఒక కథ ఉంది. ఇది రెండో కంపెనీలో. అక్కడ "కార్డ్" అనే కాంపొనెంట్ ఒకటుండేది. మొదట్లో పాపం పద్ధతిగానే పుట్టింది: ఒక శీర్షిక, లోపల ఏదైనా రాసుకోవడానికి స్లాట్. తర్వాత ఒకాయన ఫొటో కావాలని ఒక ప్రాప్ చేర్చారు. ఇంకొకరు ఫీజు బాకీ ఉంటే ఎర్ర అంచు అన్నారు. హాస్టల్ అయితే రూమ్ నంబరు. ప్రింటు అయితే బటన్లు వద్దు. నేను చూసేసరికి పద్నాలుగు ప్రాప్స్, లోపల ఇఫ్ కింద ఇఫ్, దాని కింద ఇంకో ఇఫ్. హాస్టల్ కార్డులో అంచు సరిచేస్తే రసీదులో సంతకం లైను మాయమైంది. ఆ ఫైలు ముట్టుకోవాలంటే టీమ్‌లో ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. చివరికి నాలుగు ముక్కలు చేశాం. నాలుగిట్లోనూ ఒకేలాంటి లైన్లు కొన్ని మిగిలాయి. మిగలనీ. రసీదూ హాస్టల్ కార్డూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, రసీదు మారమనేది అకౌంట్స్‌వాళ్లు, హాస్టల్ కార్డు మారమనేది వార్డెన్. ఒకే రకం చొక్కా వేసుకున్నంత మాత్రాన ఇద్దరూ అన్నదమ్ములు కారు.

నేను ఎక్కువసార్లు చూసిన ఇంకో తప్పు, టెంప్లేట్‌లో కూర్చుని డేటాబేస్‌ని అడగడం. బ్లేడ్ అడ్డుకోదు కాబట్టి చేసేస్తాం. విద్యార్థి వరుస అని ఒక ముక్క చేశారు, అందులో బ్యాచ్ పేరు కోసం ఒక క్వెరీ. ఒక్క విద్యార్థికి బాగానే ఉంటుంది. రెండొందల మంది జాబితాలో అదే ముక్క తిరిగితే? జాబితాకి ఒకటి, బ్యాచ్ పేర్లకి రెండొందలు. మొత్తం రెండొందల ఒక్క క్వెరీలు. కంట్రోలర్‌లోనే విత్ అని చెప్పి బ్యాచ్‌లని కలిపి తెచ్చుకుంటే రెండింటితో అయిపోతుంది. ముక్క తిరిగి వాడుకునేదైనప్పుడు అందులోని బద్ధకం కూడా వాడిన ప్రతిచోటా తిరిగి వాడబడుతుంది. రెండు మీసాల బ్రాకెట్ల బదులు ఆశ్చర్యార్థకాలు పెట్టి రాసే అలవాటు కూడా అంతే. మొదటి రకంలో బ్లేడ్ ప్రమాదకరమైన హెచ్‌టీఎంఎల్‌ని పనిచేయకుండా మార్చి చూపిస్తుంది, రెండో రకంలో ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. పేరు డబ్బాలో ఎవడైనా స్క్రిప్టు రాసి పంపితే, ఆ ముక్క వాడిన పేజీలన్నిట్లోనూ అది నడుస్తుంది.

ఆ ఆఖరి తేదీ ఇప్పుడు ఏ టెంప్లేట్‌లోనూ లేదు. డేటాబేస్‌లో సెట్టింగ్స్ టేబుల్లో ఒక వరుస. కోచింగ్ సెంటర్ వాళ్లే అడ్మిన్ పేజీలో మార్చుకుంటారు, డెడ్‌లైన్ కాంపొనెంట్ దాన్ని అన్ని పేజీల్లో ఒకేలా చూపిస్తుంది. నేను ఆ కంపెనీ వదిలేసి చాలా కాలమైంది. మా తెనాలి అన్న ఇంకా అక్కడే.

మొన్న జూన్‌లో ఆయన ఫోన్ చేశాడు. తేదీ మళ్లీ మార్చారట. వాళ్లే మార్చుకున్నారట, అన్ని పేజీల్లోనూ సరిగ్గానే వచ్చిందట. "మరింకేంటన్నా?" అన్నాను.

"తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పాత తేదీతో పోస్టర్ తిరుగుతోందిరా. ఇమేజ్. దానికి కాంపొనెంట్ చేసి పెట్టు."