శిథిలాల ముందు మన పిల్లలకు ఏం చెబుదాం?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లోని పాఠశాలలు, కాలనీ సంఘాలు సెలవు దినాల్లో ప్రాచీన ఆలయ శిథిలాలకు ఒంటిపూట యాత్రలు ఏర్పాటు చేయడం ఇటీవల సాధారణమైంది. తెల్లవారుజామున బస్సు బయలుదేరుతుంది. ఒక గైడు వెంట వస్తాడు. మధ్యాహ్న భోజనం వేళకు అందరూ ఇంటికి చేరుకుంటారు. ఈ యాత్రల సమ్మతి పత్రం ఇంటికి వచ్చినప్పుడు మన కుటుంబాల్లో చాలామంది తల్లిదండ్రులు సంతకం చేయడానికి తటపటాయిస్తున్నారు. కొందరు ఆ రోజు బిడ్డకు ఒంట్లో బాగాలేదని చెప్పి బడి మానిపిస్తున్నారు. ఈ సంకోచం వెనుక రెండు భయాలున్నాయి. దీన్‌కు భంగం కలుగుతుందేమో అన్నది ఒకటి. అక్కడ గైడు ఏం మాట్లాడతాడో, మన బిడ్డ ఎంత చిన్నబోయి తిరిగి వస్తుందో అన్నది రెండోది. ఈ రెండింటినీ నిజాయతీగా చర్చించి, యాత్రకు వెళ్లడమే మేలని చెప్పడం మా ఉద్దేశం. అయితే తలవంచుకుని వెళ్లడం వేరు, తెలుసుకుని వెళ్లడం వేరు.

మొదటి భయం సంగతి చూద్దాం. తౌహీద్‌పై దృఢ విశ్వాసం ఉన్నవారికి ఆరాధించడానికీ, చూడటానికీ ఉన్న తేడా తెలుసు. భూమిపై సంచరించి, తమకు ముందు గతించిన జాతుల పర్యవసానం ఏమైందో చూడమని ఖురాన్ మనుషులను పలుచోట్ల పిలుస్తుంది. రూమ్ సూరాలోని తొమ్మిదో ఆయతు ఇందుకు ఒక ఉదాహరణ. శిథిలం ఆ పిలుపునకు దగ్గరి పాఠం. రాజ్యాలు ఎలా నిలిచాయో, ఎలా కూలాయో అక్కడి రాళ్లు చెబుతాయి. పూజలు సాగుతున్న గర్భగుడిలోకి వెళ్లాలా వద్దా, తీర్థప్రసాదాల విషయంలో ఎలా మెలగాలి అన్నవి తల్లిదండ్రులు తాము నమ్మే ఉలమాను అడిగి ముందే నిర్ణయించుకోవచ్చు. ఆ నిర్ణయాన్ని ఉపాధ్యాయులకు మర్యాదగా తెలియజేయవచ్చు. పూజలో పాల్గొనమని ఏ విద్యార్థినీ బలవంతపెట్టకూడదు, పాల్గొననందుకు చిన్నచూపు చూడకూడదు. ఇది మనం అడిగి తీసుకోవలసిన హక్కు. ఈ ఒక్క జాగ్రత్త చాలు, యాత్ర మొత్తాన్నీ వదులుకోవలసిన పని లేదు.

రెండో భయం ఇంతకంటే బరువైనది. ముక్కు విరిగిన విగ్రహం కనిపించగానే, చెయ్యి తెగిన ద్వారపాలకుడు ఎదురుకాగానే కొందరు గైడుల నోట వెలువడే వాక్యం ఒక్కటే: దీన్ని తురకలు పగలగొట్టారు. ఏ సంవత్సరం, ఏ సైన్యం, ఏ ఆధారం అని అడిగేవారుండరు. నలభై మంది పిల్లల చూపు ఒక్కసారి ఆ గుంపులోని ముగ్గురు నలుగురు ముస్లిం పిల్లల వైపు తిరుగుతుంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలి అమాయకులు ప్రాణాలు కోల్పోయిన తర్వాత, ఆ నేరంతో ఏ సంబంధమూ లేని మన యువకులు అనుమానపు చూపులను ఎలా మోశారో ఈ ప్రాంతవాసులకు తెలుసు. ఎవరో చేసిన పనికి మన బిడ్డలను బోనులో నిలబెట్టే అలవాటు ఏడు వందల ఏళ్ల వెనక్కి కూడా పాకడమే ఇక్కడి అసలు సమస్య.

దీనికి జవాబు దూరంగా ఉండటం కాదు, ఆధారం అడగటం. అందుకు మొదటి పాఠం మన ఇంటి పక్కనే ఉంది. చైతన్యపురి మెట్రో స్టేషన్‌కు కొద్ది దూరంలో, మూసీ ఒడ్డున, కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండరాతిపై ఒక ప్రాకృత శాసనం ఉంది. బ్రాహ్మీ లిపిలోని ఈ శాసనం విష్ణుకుండిన రాజుల కాలానిది, అంటే సుమారు 5వ శతాబ్దానిది. హైదరాబాద్ నగర పరిధిలో వెలుగుచూసిన అతి ప్రాచీన శాసనాల్లో ఇదొకటి. అందులో గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారం ప్రస్తావన ఉంది. నేడు అక్కడ విహారమూ లేదు, భిక్షువులూ లేరు. నరసింహస్వామి ఆరాధన సాగుతోంది. విహారం ఎలా పోయింది? శాసనం చెప్పదు. ఆదరణ తగ్గి ఉండవచ్చు, పాడుబడి ఉండవచ్చు, మరేదైనా జరిగి ఉండవచ్చు. ఆధారం లేదు కాబట్టి అక్కడికి వచ్చే భక్తులను ఎవరూ దోషులుగా చూడరు, చూడకూడదు కూడా. ఇదే న్యాయం ప్రతి శిథిలం దగ్గరా వర్తించాలని మాత్రమే మనం కోరుతున్నాం. ఆధారం ఉంటే చెప్పాలి, లేకపోతే ఊహను చరిత్రగా అమ్మకూడదు.

ఎల్బీనగర్ నుంచి విజయవాడ రహదారిపై సాగి, నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ వైపు మళ్లితే సుమారు రెండు గంటల్లో పానగల్లు చేరుకోవచ్చు. ఒంటిపూట యాత్రకు ఇంతకన్నా తగిన చోటు మన తూర్పు హైదరాబాద్ వాసులకు అరుదు. కందూరు చోళులు ఇక్కడి నుంచి పాలించారు. వారు మొదట కళ్యాణి చాళుక్యులకు, తర్వాత కాకతీయులకు సామంతులు. పచ్చల సోమేశ్వరాలయపు గోడలపై పురాణేతిహాస గాథల శిల్పాలు బారులుతీరి ఉంటాయి. ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగృహాలున్నాయి. స్తంభాల అమరిక, వాటి మధ్య నుంచి వచ్చే వెలుతురు కారణంగా లింగం వెనుక గోడపై ఒక నిలువు నీడ పగలంతా చెదరకుండా నిలుస్తుంది. ఆ పక్కనే ఉదయసముద్రమనే పెద్ద చెరువు ఉంది. నీటిని, వెలుగును, రాతిని ఇంత నేర్పుగా వాడుకున్న మనుషుల పనితనం చూసి ముస్లిం బిడ్డ మనసు కూడా పొంగితే అందులో తప్పేముంది? ఆ చెరువు నీళ్లతో పండిన పంటను తరతరాలుగా అన్ని మతాలవారూ తిన్నారు.

అలాంటి చోట విరిగిన శిల్పం కనిపిస్తే గైడును అడగవలసిన ప్రశ్నలు మూడు. దీనికి శాసనాధారం ఉందా? తవ్వకాల నివేదికలో ఉందా? లేక విన్న మాటా? తెలంగాణలోని పాత గుళ్లు పాడుబడటానికి కారణాలు ఎన్నో. పునాదుల కింద నింపిన ఇసుక జారి గోడలు ఒరిగాయి. రాతి సందుల్లో మొలిచిన రావి, మర్రి వేళ్లు దూలాలను విడదీశాయి. గుప్తనిధుల కోసం తవ్వేవారు లింగాలను పెకలించారు, నందులను పగలగొట్టారు. విగ్రహాల దొంగలు తలలు కోసుకుపోయారు. మరికొన్ని రాళ్లు ఇళ్ల గోడల్లోకీ, చెరువు కట్టల్లోకీ చేరాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపాన్ని ఒరిగిపోతున్నదని 2006లో విప్పదీసి, మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. ఒక్క మండపాన్ని తిరిగి కూర్చడానికి సుమారు పద్దెనిమిదేళ్లు పట్టింది. దానిని ఒరగదీసింది ఏ సైన్యమూ కాదు, నేల కుంగుబాటు.

మరి సైన్యాలు ఆలయాలను కూల్చలేదా? కూల్చాయి. ఈ మాటను దాచడం మన హక్కుల పోరాటానికి ఏ మేలూ చేయదు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ నాయకత్వంలోని సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. ఆ విజయం తర్వాత కోట నడుమ ఉన్న స్వయంభూ శివాలయం ధ్వంసమైంది. నేడు దాని ముక్కలే మిగిలాయి. చుట్టూ నాలుగు కీర్తితోరణాలు మాత్రం నిలిచి ఉన్నాయి. ఇది బాధాకరమైన నిజం, మన పిల్లలకు మనమే చెప్పవలసిన నిజం. దానితోపాటే చెప్పవలసిన మరికొన్ని నిజాలూ ఉన్నాయి. ఓడిన రాజు దైవాన్ని అవమానించడం, ఎత్తుకుపోవడం ఆనాటి యుద్ధనీతిలో భాగం. 11వ శతాబ్దంలో చోళ రాజు రాజాధిరాజు కళ్యాణి నగరాన్ని కాల్చి అక్కడి ద్వారపాలక విగ్రహాన్ని తెచ్చుకున్నాడు. ఆ సంగతిని విగ్రహం పీఠం మీదే చెక్కించాడు. ఇద్దరూ ఒకే మతస్థులు, ఇద్దరూ శివభక్తుల రాజ్యాలవారే. దీన్ని ప్రస్తావించడం 1323ను సమర్థించడానికి కాదు. తప్పు తప్పే. అది అధికారం చేసిన తప్పు, ఆ అధికారానికి నేటి దిల్‌సుఖ్‌నగర్‌లోని కుట్టుపనివాడి బిడ్డ వారసుడు కాడు. ఇస్లాంలో గానీ, భారత రాజ్యాంగంలో గానీ ఒకరి నేరాన్ని మరొకరి మెడకు చుట్టే నియమం లేదు.

గైడులు సాధారణంగా చెప్పకుండా వదిలేసే మరో అధ్యాయం కూడా ఉంది. అదే కోటలో 1504లో షితాబ్ ఖాన్ శాసనం వేయించి, పెకలించిన దేవతామూర్తులను పునఃప్రతిష్ఠించినట్టు చెప్పుకున్నాడు. పేరు ముస్లిం పాలకుల నాటి బిరుదు, మనిషి సీతాపతి అనే హిందూ నాయకుడు. పేరును బట్టి మతాన్ని, మతాన్ని బట్టి నేరాన్ని నిర్ణయించేవారికి ఈ ఒక్క శాసనం చాలు. ఇక 1914లో హైదరాబాద్ సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దానికి తొలి అధిపతి గులాం యజ్దానీ. పాలంపేటలోని రామప్ప ఆలయ సముదాయంపై ఆయన రాసిన గ్రంథం 1922లో వెలువడింది. అజంతా చిత్రాలను కాపాడేందుకు ఇటలీ నుంచి నిపుణులను రప్పించిందీ ఆ శాఖే. 2021లో రామప్పకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు పండుగ చేసుకున్న మనలో ఎంతమందికి ఈ పేరు గుర్తొచ్చింది? తర్వాతి తరంలో మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ నాగార్జునసాగర్ ముంపునకు గురికానున్న ఏలేశ్వరంలో తవ్వకాలు జరిపి నివేదిక ప్రచురించారు. అలంపురం మ్యూజియం శిల్పాలపై పుస్తకం రాశారు. గుడిని కూల్చినవాడి మతాన్ని చెప్పే గైడు, గుడిని కాపాడినవాడి పేరును కూడా చెప్పాలి. ఇది గొప్పల కోసం అడగడం లేదు. ఆ పనిలో అన్ని మతాల పండితులూ, మేస్త్రీలూ, కూలీలూ ఉన్నారు. సగం కథ చెప్పి ఊరుకోవద్దని మాత్రమే అడుగుతున్నాం.

ఈ విషయం కేవలం మనోభావాలది అనుకుంటే పొరపాటు. 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం 1947 ఆగస్టు 15 నాటికి ఉన్న మతపరమైన స్వరూపాన్ని కాపాడుతుందని మనం ధీమాగా ఉంటాం. కానీ 1958 నాటి పురాతన కట్టడాల చట్టం గానీ, అమల్లో ఉన్న మరే చట్టం గానీ వర్తించే ప్రాచీన కట్టడాలకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. అంటే రక్షిత కట్టడాలైన మసీదులు, దర్గాల విషయంలో మనకు అండగా నిలిచేది ముఖ్యంగా చరిత్ర, దాని ఆధారాలు. గైడు నోట పుకారు పాఠమైతే, ఆ పాఠం ఊరి నమ్మకమైతే, ఆ నమ్మకం రేపు కోర్టు గుమ్మం దాకా నడుస్తుంది. కాబట్టి శిథిలాల దగ్గర ఏం చెబుతున్నారన్నది మన పౌర హక్కులకు సంబంధించిన ప్రశ్నే. రాజ్యాంగం 49వ అధికరణంలో కట్టడాల రక్షణను ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. 51ఎ అధికరణంలో మన మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడటాన్ని ప్రతి పౌరుడి విధిగా చెప్పింది. ఈ విధి మనకూ ఉంది, గైడుకూ ఉంది.

కనుక మా సూచనలు ఇవి. మహల్లా కమిటీలు, మసీదు కమిటీలు తామే చొరవ తీసుకుని ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ కుటుంబాలతో కలిసి ఇలాంటి ఒంటిపూట యాత్రలు ఏర్పాటు చేయాలి. స్త్రీలు, పెద్దలు కూడా రావాలి. జుమా రోజు కాకుండా ఆదివారం పెట్టుకుంటే జుహర్ నమాజుకు ఇబ్బంది లేకుండా తిరిగి రావచ్చు. చైతన్యపురి శాసనంతో మొదలుపెట్టి, పానగల్లు వెళ్లే దారిలోనే ఉన్న హయత్‌నగర్‌లో ఆగాలి. అక్కడ 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన మసీదు, దాని చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు ఉన్నాయి. ఆ మసీదును మన పొరుగువారు గౌరవంగా చూడాలని కోరే మనం, పానగల్లు శిల్పాన్ని అంతే గౌరవంతో చూడాలి. బడిలో పిల్లవాడికి అవమానం జరిగితే మౌనంగా ఊరుకోకుండా, కోపంతో గొడవపడకుండా, ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా తెలియజేయాలి.

రాష్ట్ర వారసత్వ శాఖను, పర్యాటక శాఖను మనం కోరవలసినవి మరికొన్ని. రక్షిత కట్టడాల దగ్గర గైడులకు శిక్షణ, గుర్తింపు కార్డు తప్పనిసరి చేయాలి. శాసనాలు, తవ్వకాల నివేదికల ఆధారంగా పండితులు తయారుచేసిన రాతప్రతిని వారికి ఇవ్వాలి. బోర్డులు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ భాషల్లో ఉండాలి. శిథిలమైన కారణం తెలిసిన చోట దాన్ని రాయాలి, తెలియని చోట తెలియదనే రాయాలి. ఆధారం లేకుండా ఒక వర్గాన్ని నిందించే గైడుపై ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. వీటిలో ఏదీ ముస్లింలకు ప్రత్యేక రాయితీ కాదు. నిజం వినే హక్కు బస్సులోని నలభై మంది పిల్లలకూ సమానమే.

వచ్చే నెల మీ ఇంటికి సమ్మతి పత్రం వస్తే సంతకం చేయండి. బిడ్డకు తినడానికి ఏదైనా కట్టివ్వండి, ఒక నోటు పుస్తకం ఇవ్వండి. ఆధారం ఏమిటని మర్యాదగా అడగడం నేర్పి పంపండి.